గేలి నుండి ర్యాగింగ్ దాకా: గుంటూరు, ప్రకాశం ప్రాంత విద్యాలయాలలో అవమానం, దాని నివారణ బోధన - చారిత్రక పరిశీలన

కీలకపదాలు: ర్యాగింగ్, గేలి, జాషువా, నాజర్, బుర్రకథ, విద్యాచరిత్ర, సహానుభూతి బోధన

ఉపోద్ఘాతం

ఒక విద్యార్థి తోటి విద్యార్థిని నొప్పించడాన్ని చెప్పడానికి తెలుగులో మాటల కొరత లేదు. గేలి, హేళన, ఎగతాళి, వెక్కిరింత, ఎకసెక్కం, ఆటపట్టించడం, ఏడిపించడం - ఇలా ఎన్నో ఉన్నాయి. వీటిలో చివరి రెండూ ప్రత్యేకంగా గమనించదగినవి. 'ఆటపట్టించు' అనేది చేసినవాడి వైపు నుండి చూసిన మాట. దానిలో ఆట ఉంది. 'ఏడిపించు' ప్రేరణార్థక క్రియ. దానిలో ఎదుటివారి ఏడుపు ఉంది. అయితే వాడుకలో ఈ రెండవ మాట కూడా పలుచబడిపోయింది. "ఊరికే ఏడిపించాం సార్" అని విద్యార్థి అన్నప్పుడు, ఆ వాక్యంలో ఏడ్చినవారికి చోటే ఉండదు. 'ఊరికే', 'సరదాకి' అనే రెండు క్రియావిశేషణాలు క్రియ చేసిన పనిని తుడిచివేస్తాయి.

ఇన్ని మాటలున్నా చట్టం మాత్రం 'ర్యాగింగ్' అనే పరభాషా పదాన్నే స్వీకరించింది. దానివల్ల ఇది వృత్తివిద్యా కళాశాలల వసతిగృహాలతో పాటు బయటినుండి వచ్చిన దురాచారమనే అభిప్రాయం బలపడింది. పత్తి, మిరప పండే ఈ మైదానాల విద్యాచరిత్రను చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. 2022 నాటి విభజనకు ముందున్న గుంటూరు, ప్రకాశం జిల్లాలు ఈ వ్యాసానికి పరిధి.

బడి గడప, బడి లోపల

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. ఊరిలోని అగ్రవర్ణాల వారు తమ పిల్లలకు బడి కావాలన్నారు, ఆయన తెరిచాడు. కొద్దికాలానికే మాదిగలు క్రైస్తవంలోకి రావడం మొదలైంది. వారిని చేర్చుకుంటే తమ పిల్లలు రారని పెద్దలు చెప్పారు. ఆయన చేర్చుకున్నాడు, వారి పిల్లలు వెళ్లిపోయారు. ఇక్కడ అవమానం ఇంకా గడప దగ్గరే ఉంది. పక్కన కూర్చోవడానికే ఒప్పుకోని చోట గేలి చేసే అవకాశం కూడా రాదు.

ఒకే బల్ల మీద కూర్చునే రోజులు వచ్చాక అవమానం లోపలికి వచ్చింది. దీనికి మనకున్న బలమైన సాక్ష్యం గుర్రం జాషువా బాల్యం. 1895లో వినుకొండలో యాదవ తండ్రికి, మాదిగ తల్లికి పుట్టిన జాషువా బడిలో తోటి పిల్లల నుండే కాక ఉపాధ్యాయుల నుండి కూడా కులదూషణను ఎదుర్కొన్నాడు. తిరగబడి కొట్టాడు కూడా. జాషువా అధ్యయనాలలో ఈ ఘట్టాన్ని సాధారణంగా 'కవి ధిక్కారస్వరానికి బీజం'గా చెప్పి ముందుకు సాగిపోతారు. విద్యాచరిత్ర దృష్టితో చూస్తే దీనికి వేరే విలువ ఉంది. గేలికి ముగ్గురు కావాలి: చేసేవాడు, పడేవాడు, చూసి నవ్వేవాడు. ఆ మూడవ స్థానంలో ఉపాధ్యాయుడు చేరినప్పుడు పిల్లవానికి మిగిలేది చేయి చేసుకోవడమే. ఆ దెబ్బలాటను పిల్లవాని స్వభావానికి అంటగట్టడం కంటె బడి నిర్మాణానికి అంటగట్టడం సమంజసం.

ఆ పిల్లవాడే తరువాత నెలకు మూడు రూపాయల జీతం మీద మిషన్ పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యాడు. అనంతరం గుంటూరులో లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో సుమారు పదేళ్లు పనిచేశాడు. అంటే బడిలో గాయపడినవాడు ఉపాధ్యాయులను తయారుచేసే చోట నిలిచాడు. 'గబ్బిలం' కర్తగా జాషువాను చదివినంతగా ఉపాధ్యాయ శిక్షకుడైన జాషువాను మనం చదవలేదు.

చట్టం వచ్చిన తీరు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1997లో ర్యాగింగ్ నిషేధ చట్టాన్ని (26వ చట్టం) చేసింది. అవమానం, చికాకు, భయం కలిగించే పనులన్నీ దాని నిర్వచనంలోకి వస్తాయి. ఎగతాళికి, అవమానానికి ఆరు నెలల దాకా, మరణానికి లేదా ఆత్మహత్యకు కారణమైతే పదేళ్ల దాకా కారాగార శిక్ష ఉంది. ఫిర్యాదుపై చర్య తీసుకోని విద్యాసంస్థ అధిపతిని ప్రేరకునిగా పరిగణించే నిబంధన ఈ చట్టంలోని సాహసోపేతమైన అంశం. వినుకొండ బడిలోని ఉపాధ్యాయుని స్థానాన్ని చట్టం గుర్తించడానికి అంతకాలం పట్టింది.

2001లో విశ్వ జాగృతి మిషన్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు, 2007 నాటి ఆర్.కె. రాఘవన్ సమితి నివేదిక సుపరిచితాలే. 2009 మార్చిలో రెండు ఘటనలు దాదాపు ఒకేసారి జరిగాయి. హిమాచల్ ప్రదేశ్‌లోని ఒక వైద్య కళాశాలలో ఒక విద్యార్థి మరణించాడు. బాపట్ల వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాలలో ఒక విద్యార్థిని ఆత్మహత్యకు యత్నించింది. సుప్రీంకోర్టు రెండింటిపైనా నోటీసులు జారీచేసింది. ఆ ఏడాది జూన్‌లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ర్యాగింగ్ నిరోధక నిబంధనలను ప్రకటించింది. దేశవ్యాప్త చర్చలో మొదటి ఘటనే నిలిచిపోయి, బాపట్ల పేరు పాదసూచికల్లోకి జారిపోయింది. తెలుగు పరిశోధకులు సైతం దాన్ని అక్కడే వదిలేయడం విచారకరం.

2015 జూలై 14న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయ వసతిగృహంలో వాస్తుశాస్త్ర కళాశాల విద్యార్థిని ఒకరు మరణించారు. ఆమె పేరు అందరికీ తెలిసినదే. ఇక్కడ మళ్లీ రాయడం అనవసరం. ప్రభుత్వం విశ్రాంత ఐఏఎస్ అధికారి బాలసుబ్రహ్మణ్యం నేతృత్వంలో విచారణ సమితిని నియమించింది. ర్యాగింగ్, వేధింపుల ఆరోపణలపై నడిచిన కేసును సుమారు తొమ్మిదేళ్ల తరువాత గుంటూరు న్యాయస్థానం కొట్టివేసింది. ఆ తీర్పు బాగోగులు ఈ వ్యాస పరిధిలోనివి కావు. ఇక్కడ మనకు కావలసిన విషయం ఒక్కటే: మాటలతో, నవ్వులతో జరిగినదాన్ని సాక్ష్యంగా మార్చడం కష్టం. నవ్వినవారే సాక్షులు కావలసి వస్తుంది. కనుక శిక్ష ఎంత కఠినమైనదైనా, నివారణ భారం తరగతి గది మీదే పడుతుంది.

నిబంధనలలో మరుగునపడిన భాగం

2009 నిబంధనలు అనగానే ప్రమాణపత్రం, నిఘా బృందం, సహాయవాణి గుర్తుకు వస్తాయి. కాని అదే పత్రంలో మరికొన్ని ఉన్నాయి: కొత్త విద్యార్థులను చిన్న బృందాలుగా విభజించి ఒక్కో బృందాన్ని ఒక అధ్యాపకునికి అప్పగించడం, కొత్తవారికీ సీనియర్లకూ ఉమ్మడి అవగాహన కార్యక్రమాలు జరపడం, అధ్యాపకుల సమక్షంలో సాంస్కృతిక, క్రీడా కార్యక్రమాల ద్వారా పరిచయాలు పెంచడం. ఇవన్నీ బోధనకు సంబంధించినవి. ప్రమాణపత్రంపై సంతకం నిమిషంలో అయిపోతుంది. బృందానికి ఏడాది పడుతుంది. మన కళాశాలలు దేనిని ఎంచుకున్నాయో వేరుగా చెప్పనక్కరలేదు. ఆగస్టులో జరిపే ర్యాగింగ్ వ్యతిరేక వారోత్సవం కూడా చాలాచోట్ల వ్యాసరచన, గోడపత్రికల పోటీగా ముగుస్తున్నది. దయ మీద వ్యాసం రాసి బహుమతి తెచ్చుకోవడానికి దయ అక్కరలేదు.

అదే 2009లో ఫిన్లండ్ ప్రభుత్వం 'కివా' అనే పాఠశాల కార్యక్రమాన్ని దేశమంతటా విస్తరించింది. తుర్కు విశ్వవిద్యాలయంలో క్రిస్టీనా సాల్మివల్లి బృందం రూపొందించిన ఈ పద్ధతి గేలి చేసేవాని కంటె, చూసి నవ్వేవారి మీద ఎక్కువ దృష్టి పెడుతుంది. చర్చ, పాత్రాభినయం దాని సాధనాలు. నవ్వు ఆగితే గేలి నడవదన్నది దాని ఆధారసూత్రం.

హాస్యగాని స్థానం

ఈ సూత్రాన్ని మన విద్యార్థులకు చెప్పడానికి ఫిన్లండ్ దాకా పోనవసరం లేదు. గుంటూరు ప్రాంతానికి బుర్రకథ ఉంది. కథకునికి అటూ ఇటూ నిలిచే వంతలలో ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం చెబుతారు. హాస్యగాడు కథను మధ్యలో ఆపి ప్రశ్నిస్తాడు, వెక్కిరిస్తాడు. అయితే ప్రజానాట్యమండలి తీర్చిన బుర్రకథలో ఆ వెక్కిరింత జమీందారు మీదికి, దొర మీదికి, వడ్డీ వ్యాపారి మీదికి పోతుంది. కూలివాని మీదికి రాదు. నవ్వు దిశను మార్చడం ఆ కళారూపానికి తెలిసిన విద్య.

దానికి పేరు తెచ్చిన షేక్ నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల కుటుంబంలో పుట్టాడు. పత్తి ఏకే వారి వృత్తినామమైన 'పింజారి' తెలుగులో తిట్టుగా మారింది. పత్తి పండించే నేల మీదే పత్తి ఏకేవాని పేరు తిట్టు కావడం గమనార్హం. నాజర్ తన ఆత్మకథకు ఆ మాటనే శీర్షికగా పెట్టుకున్నాడు. పదార్థవిపరిణామం పాఠంలో అర్థాపకర్షకు ఎప్పుడూ ఇచ్చే పాత ఉదాహరణలకు బదులు ఈ మాటను తీసుకుంటే, భాషాశాస్త్రమూ సహానుభూతీ ఒకే గంటలో బోధించవచ్చు. ఇది ఎవరి పేరు? ఎప్పుడు తిట్టయింది? ఎవరు నవ్వారు? ఈ మూడు ప్రశ్నలతో విద్యార్థులు తమ ఊళ్లలో వినిపించే ఇతర మాటలను సేకరించగలరు. తరువాత కథకుడు, హాస్యగాడు, రాజకీయుడు అనే మూడు స్థానాలలో నిలిచి వసతిగృహంలో జరిగే ఒక సంఘటనను చెప్పమంటే, హాస్యగాని పాత్ర ధరించినవాడే ముందుగా తడబడతాడు. ఎవరిని నవ్వుల పాలు చేయాలో అతడు అక్కడికక్కడ తేల్చుకోవాలి. అధ్యాపకుడు వేదిక దిగి కూర్చుంటేనే ఇది సాగుతుంది; మార్కులు వేస్తే సాగదు.

మిరప కోతల కాలం

కళాశాల చేరడానికి ముందే పునాది పడే చోటు ఒకటి మిగిలింది. మిరప కోతల కాలంలో ప్రకాశం పడమటి మండలాల నుండి, కర్నూలు వైపు నుండి కుటుంబాలు గుంటూరు పొలాలకు వలస వస్తాయి. వెంట వచ్చిన పిల్లలు బడిలో చేరితే అది విద్యాసంవత్సరం చివర. యాస వేరు, స్నేహితులు లేరు, చేతులకు మిరప ఘాటు. విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షన్ పిల్లలపై శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. కాని పక్క బల్ల మీది పిల్లవాడు యాసను అనుకరించి నవ్వించడాన్ని ఆ సెక్షన్ కింద ఎవరూ చూడరు. కోతలు ముగిసి కుటుంబం వెళ్లిపోయాక హాజరు పట్టికలో ఆ పేరు ఎదుట గీత పడుతుంది. చదువు మానడానికి కారణంగా 'వలస' అని రాస్తారు.