కోటిలింగాల

తెలుగువారి చరిత్రమును చెప్పబూనువారు తఱచుగా కృష్ణాతీరమందలి ధాన్యకటకముతో మొదలిడుదురు. మహారాష్ట్రులు గోదావరి యొడ్డుననున్న ప్రతిష్ఠానముతో మొదలిడుదురు. ఆ గోదావరి యొడ్డుననే, మా లక్సెట్టిపేటకు దాపుననే, సాతవాహనుల తొలినాళ్ల నగరమొకటి గలదని యెఱిగినవారు మన చదువరులలో గొలదిమందియే. దానిపేరు కోటిలింగాల.

లక్సెట్టిపేటనుండి జగిత్యాలకు బోవువారు రాయపట్నమువద్ద గోదావరిని దాటుదురు. ఆవలి యొడ్డున, పెద్దవాగు గోదావరిలో గలియుచోట నీ గ్రామమున్నది. పూర్వము కరీంనగరు జిల్లాలోనిదై, 2016 నుండి జగిత్యాల జిల్లాకు జేరినది. కోటేశ్వరుని గుడికి వచ్చు యాత్రికులు నదిలో మునిగి, స్వామిని సేవించి మఱలిపోదురు. తాము త్రొక్కిన మన్ను రెండువేల యేండ్లనాటి మట్టికోటయు, ఇటుకకట్టడములును గలదని వారికి దోచదు.

దీని ప్రసిద్ధికి మూలము చిన్న నాణెములు. పైమట్టిలో దొరికిన వీనిని పండితులు సేకరింపగా, శాసనవేత్తయగు పరబ్రహ్మశాస్త్రిగారు పరిశీలించి ప్రకటించిరి. పిమ్మట 1979 మొదలుకొని వి.వి. కృష్ణశాస్త్రిగారి యాజమాన్యమున రాష్ట్ర పురావస్తుశాఖ త్రవ్వకములు జరిపెను. ఆ నాణెములపై బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో రాజుల పేర్లున్నవి. గోభద, నారన, కంవాయ, సమగోప అను పేర్లు పురాణముల రాజావళులలో గానరావు. చిముక సాతవాహనుని పేరుమాత్రము మనకు గొత్తకాదు. పురాణములు శిశుకుడనియు, సింధుకుడనియు చెప్పిన మూలపురుషుడీతడే యని పలువురి మతము. పడమటి కనుమలలో నానాఘాటు గుహయందు నాగనికారాణి తన కుటుంబపు యజ్ఞదానములను వ్రాయించిన చోట, ఈ పేరును ధరించిన విగ్రహమొకటి యుండెడిది. స్త్రీకి శాసనాధికారమెక్కడిదని ప్రశ్నించువారు ఆ గుహను స్మరించుట మేలు.

ఇంతమాత్రముచేత కోటిలింగాల సాతవాహనుల తొలి రాజధాని యని నిశ్చయింపవచ్చునా? మాకు జిల్లాభిమానము లేకపోలేదు. అయినను నాణెము నడిచెడి వస్తువు; వర్తకుని మూటలో నెంతదూరమైనను బోవును. ఒక రాజు నాణెము దొరికినచోటెల్ల వాని రాజధాని కాజాలదు. చిముకుడు మూలపురుషుడు గాడు, ఆ పేరింటి వేఱొక రాజని వాదించువారును గలరు. కాని యిచ్చట దొరికినవి ఒక్క రాజువి గావు. సాతవాహనులకు ముందటివారివి, వారితోడివి, ఒకేచోట గుమిగూడియున్నవి. వేఱెచ్చటను వినబడని రాజుల నాణెములు ఒక కోట గల యూరిలో నిన్ని దొరకుటకు వర్తకులమూట చాలిన కారణము గాదు. ఇది యొక రాజపీఠమని చెప్పుటకు మేము సంకోచింపము. తొలి రాజధాని యనుటకు మాత్రము ఇంకను సాక్ష్యము కావలెను.

ఆంధ్రులకు ప్రాకారములుగల 30 నగరములును, లక్ష కాల్బలమును, 2,000 గుఱ్ఱపుదళమును, 1,000 యేనుగులును గలవని రోమకుడైన ప్లినీ వ్రాసెను. ఆ ముప్పదింటిలో కోటిలింగాలయు, దీనికి దక్షిణముగానున్న ధూళికట్టయు నుండెనని మనవారందురు. ప్లినీ యా పట్టణముల పేర్లు చెప్పలేదు. కావున నది యూహయే. ధూళికట్టలో మట్టికోటయే గాక బౌద్ధస్తూపమును బయల్పడినది. కోటేశ్వరుని భక్తులు నడచు నీ సీమలో బుద్ధుని భక్తులును నడచిరని దానివలన దెలియుచున్నది.

ఆ కావలసిన సాక్ష్యము పుస్తకములలో లేదు, మంటిలో నున్నది. ఆ మంటిలో గొంత యిండ్లక్రింద నున్నది. గోదావరిపై దిగువను శ్రీపాద ఎల్లంపల్లి యానకట్ట వెలసిన పిదప దాని వెనుకనీరు కోటిలింగాలవఱకు నిలుచుచున్నది. పంటలకును, పట్టణములకును నీరు వలయును. దానిని మేము తప్పుపట్టము. అయితే పొలమునకు నీరు మఱుసటియేడు రావచ్చును. నీట గరగిన గోడమాత్రము తిరిగి రాదు. త్రవ్వినంతలో దొరికినవే యిన్ని; త్రవ్వని భాగము నింకను చాల గలదు.