పారు నీటి పటము



పారు నీటిని ఛాయాచిత్రమునందు పట్టు విద్యను గూర్చియు, దాని చరిత్రను గూర్చియు నేడు ముచ్చటింప దలచితిని. “ఇది పడుచువారి వేడుక గదా, మనకేల?” యని పెద్దలు కొందరు తలపవచ్చును. వాగు పూర్వ మేదారిని పారెను, కుంట యెంతవరకు నిండెడిది యను తగవు పుట్టినపుడు పాత ఫోటో యొకటి సాక్ష్యముగా ముందునకు వచ్చు దినము లివి. సాక్షి పలుకు వినుటకు ముందు సాక్షి స్వభావము నెరుగుట న్యాయము. ఈ ప్రసంగమునకు ప్రయోజన మదియే.

మన పల్లెలనుండి కంప్యూటరు విద్యకై హైదరాబాదు పోవు పిల్లలలో పెక్కురు అమీర్‌పేటలోనే దిగుచున్నారని మీ రెరుగుదురు. నా పూర్వ శిష్యు డొకడు అచ్చటి వసతిగృహమున నున్నవాడు. వానకాలమున నొకనాడు పంజాగుట్ట ప్రక్క నాలాపై నిలిచి తాను తీసిన రెండు చిత్రములను నాకు చూపెను. మొదటిదానియందు నీరు పాలవలె తెల్లనై, రాళ్లమీద పట్టుబట్ట పరచినట్లు నునుపుగా నున్నది. రెండవదానియందు బురదనీరు సుడులు తిరుగుచున్నది. చెత్తయు, ప్లాస్టిక్ సంచులును, విరిగిన కొమ్మయు స్పష్టముగా కనబడుచున్నవి. “మాస్టరుగారూ, రెంటికి నడుమ అయిదు నిమిషములు గూడ గడువలేదండీ. అదే చోటు, అదే నీరు” అని యతడు పలికెను. అట్లయిన నిందు సత్య మేది? ఈ ప్రశ్న నన్ను చాల దినములు విడువలేదు.

ముందుగా ఇది యెట్లు జరుగునో తెలిసికొందము. కెమెరాలో షట్టరు అను చిన్న తలుపు గలదు. గర్భగుడి తెర తీసి మరల వేయునట్లు, అది తెరచుకొని వెలుగును లోనికి విడిచి మూసికొనును. తెర తీసియున్నంతసేపు జరిగినదంతయు నొకే పటముపై పడును. సెకనుకు ఒక మీటరు వడిని పారు వాగును దలపుడు. తలుపు సెకనులో 500వ వంతు మాత్రమే తెరచియున్నచో, ఆ వ్యవధిలో నీరు 2 మిల్లీమీటర్లు మాత్రమే కదలును. కావున బొట్టు బొట్టుగా నిలిచినట్లు కనబడును. సెకనులో నాలుగవ వంతు తెరచియున్నచో నీరు 25 సెంటీమీటర్లు, అనగా జానెడుకు పైగా సాగును; కావున బొట్టు గీతయగును, గీతలు కలిసి తెరయగును. కదలని రాయి మాత్రము రాయిగనే నిలుచును. అంతసేపు చేయి వణకకుండ నిలుపజాలదు గనుక కెమెరాను ముక్కాలిపై నిలుపుదురు. వెలుగు మితిమీరకుండ వెలుగువచ్చు రంధ్రమును చిన్నది చేయుదురు, లేక నల్లని యద్దము నడ్డము పెట్టుదురు. సెల్‌ఫోనులు కొన్ని వరుసగా పెక్కు చిత్రములు తీసి వానిని కలిపి యిట్టి ఫలమునే చూపుచున్నవి.

ఇపుడు కోరి చేయు నీ పని యొకప్పుడు తప్పించుకొనరాని లోపమై యుండెను. పరాసు దేశమున డాగెర్ అనునాతని పద్ధతి 1839లో లోకమునకు వెల్లడియయ్యెను. అంతకు ముందటి సంవత్సరమున నాతడు పారిస్ నగరపు పెద్దవీథి నొకదానిని పటము తీసెను. నిత్యము బండ్లతోను జనులతోను నిండియుండు నా వీథి పటమునందు నిర్మానుష్యముగా నున్నది. కొన్ని నిమిషములు వెలుగు పడినగాని బొమ్మ యేర్పడని కాల మది. నడచువారెవ్వరును పలకపై నిలువలేదు. పాదరక్షలకు మెరుగు పెట్టించుకొనుచు కదలక నిలిచిన యొక మనుష్యుడు మాత్రము పటమున మిగిలెను. కదలినవాడు మాయమగుట, నిలిచినవాడు మిగులుట యీ సాక్షి స్వభావమని యిచ్చటనే తెలియుచున్నది.

1851లో ఇంగ్లండున ఆర్చర్ అను నాతడు గాజుపలకపై తడిమందు పూయు పద్ధతిని వెల్లడించెను. తడి యారకముందే చిత్రము తీసి కడిగి ముగింపవలెను. నిమిషములు సెకనులకు తగ్గెను గాని, పారు నీటికి అదియు చాల దీర్ఘకాలమే. అమెరికాలోని యోసెమిటీ లోయయందలి జలపాతములను 1872లో మైబ్రిడ్జ్ తీసిన పటములలో నీరు తెల్లని ముసుగువలె నున్నది. 1871లో మాడాక్స్ అను వైద్యుడు పొడిపలకను సూచించెను. తరువాతి వారు దానిని మెరుగుపరచి, సెకనులో స్వల్పభాగము చాలునట్లు చేసిరి. నీటిని తెరగా చిత్రించిన మైబ్రిడ్జే 1878లో పరుగెత్తు గుఱ్ఱపు నాలుగు కాళ్లును ఒక క్షణమున నేలను విడుచునని వరుస పటములతో నిరూపించెను.

ఈ మార్పు జరుగుచున్న దినములలోనే లాలా దీన్‌దయాళ్ మన హైదరాబాదునకు వచ్చెను. ఆయన 1844లో మీరట్ ప్రాంతపు సర్ధానాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు విద్య నేర్చి, ఇందూరులో సర్కారు పటలేఖకుడై యుండి, 1874 ప్రాంతమున కెమెరా చేపట్టెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన చిత్రకారునిగా నియమించి, 1894లో ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’ అను బిరుద మొసగెను. సికిందరాబాదు లోని ఆయన చిత్రశాల పేరు దేశమంతట మారుమ్రోగెను. తడిపలకతో పని యారంభించి, పొడిపలక వ్యాపించుటను గూడ చూచిన తరము వారిది. ఆ కాలపు నగరచిత్రములలో చెరువు అద్దమువలె నిశ్చలముగా నున్నంత మాత్రమున, నాడు గాలియే వీవలేదని మనము తీర్పు చెప్పరాదు.

ఆయన 1905లో కాలధర్మము నొందెను. మూడేండ్లకు, 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి నగరమును ముంచెను. మృతులు సుమారు పదునైదువేలని చెప్పుదురు. ఆ యుపద్రవపు చిత్రములలో కూలిన వంతెనలును, ఇండ్ల శిథిలములును కనబడును. నీటి వడి మాత్రము కనబడదు. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది బ్రతికిరన్న మాట పటమువలన గాక నోటిమాటవలన నిలిచినది. పటము శిథిలమును చూపినది; వృద్ధులు వరదను చెప్పిరి. రెండును కలిసినపుడే చరిత్ర యైనది. పిదప విశ్వేశ్వరయ్యగారి సలహాననుసరించి ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియయ్యెను.

మరల అమీర్‌పేటకు వత్తము. బంజారా కొండల వాలున కురిసిన వాన పంజాగుట్ట, అమీర్‌పేట ప్రాంతముల పల్లమును బట్టి, ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున 1562 ప్రాంతమున గట్టు వేసిన హుస్సేన్‌సాగరమును చేరవలసినదే. నీటికి దారి యుండగా నది వాగు. దారి యిరుకై మురుగు కలియగా నది నాలా. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కదినమున సుమారు 24 సెంటీమీటర్ల వాన కురియగా నాలాలు పొంగి పల్లపు బస్తీలు మునిగెను. నీరు తన పూర్వమార్గమును మరువలేదు, మరచినవారము మనమే.

ఇక శిష్యుని రెండు పటములకు తీర్పు చెప్పవలెను. రెండును సత్యములే, రెండును అసంపూర్ణములే. పట్టుబట్టవంటి పటము నీటి గమనమును, దాని దారిని చూపినది గాని మురికిని దాచినది. రెండవది మురికిని చూపినది గాని నీరు ఎటునుండి యెటు పోవుచున్నదో చెప్పలేదు. మురుగు గూడ పాలవలె కనబడజేయు నేర్పు కనులకు వేడుకయే. అదియే యా నాలాకు సాక్ష్యమని నూరేండ్ల తరువాత నెవరైన చూపినచో, అప్పటి మనుమలు మోసపోవుదురు.

కావున పెద్దలకు నా మనవి యిది. మీ యూరి వాగును పిల్లలచేత పటము తీయింపుడు. ఒకటి తలుపు చప్పున మూసి, ఒకటి మెల్లగా మూసి. ఒకటి వేసవిలో, ఒకటి వానలో. వెనుక తేదీయు, చోటును, నిలిచి చూచిన దిక్కును, షట్టరు తెరచియున్న వ్యవధియు వ్రాయింపుడు. నీరు ఏ చెట్టుదాక వచ్చెనో, ఏ బండ మునిగెనో మీ రెరిగిన సంగతియు దానిక్రింద చేర్పింపుడు. నీటి మాట పటము చెప్పును. పటము చెప్పలేని మాటను మీరు చెప్పవలెను. సెలవు.