చేతికూర్పు తూటాలు (దూరపు వేట)

వేటగాడు ఫ్యాక్టరీ సరుకు మీద ఆధారపడకుండా తన రైఫిలుకు తగ్గట్టు స్వయంగా తయారు చేసుకునే తూటాలు. ఒకసారి పేలిన ఇత్తడి గుల్లను శుభ్రం చేసి, వేడికీ ఒత్తిడికీ సాగిన ఆ గుల్లను అచ్చులో నొక్కి పాత కొలతకు తెస్తారు. అడుగున తుపాకీ మందును అంటించే కొత్త ప్రైమర్ బిగించి, తూచిన మందు పోసి, మూతిలో బుల్లెట్ కూర్చోబెడతారు. మందును గ్రెయిన్లలో తూస్తారు. పౌనుకు 7000 గ్రెయిన్లు.

మూతిలోంచి మందు కూరే తుపాకుల కాలంలో ప్రతి వేటగాడూ ఈ పని చేసినవాడే. ఆ శతాబ్దాలకు ఈ ఒక్క వాక్యం చాలు. అసలు చరిత్ర 1866 ప్రాంతంలో మొదలవుతుంది. ఇంగ్లండులో వూలిచ్ ఆయుధశాలకు చెందిన ఎడ్వర్డ్ బాక్సర్, అమెరికాలో హైరమ్ బెర్డాన్ వేర్వేరు ప్రైమర్లు రూపొందించారు. బాక్సర్ ప్రైమరుకు వాడే గుల్ల అడుగున నడిమధ్య ఒకే రంధ్రం ఉంటుంది. పైనుంచి సూది దింపితే కాలిన ప్రైమర్ ఊడి పడుతుంది. బెర్డాన్ గుల్లకు పక్కలకు రెండు సన్న రంధ్రాలుంటాయి కాబట్టి ప్రైమర్ ఊడదీయడం ప్రయాస. విచిత్రంగా ఆంగ్లేయుడి ప్రైమర్ అమెరికాలో, అమెరికన్‌ది ఐరోపాలో స్థిరపడ్డాయి. చేతికూర్పు అమెరికాలో ఇళ్లలోకి వచ్చి చేరడానికి ఈ ఒక్క రంధ్రం చాలావరకు కారణం.

1870లలో అమెరికా మైదానాల్లో అడవిదున్నల్ని చర్మాల కోసం చంపిన వేటగాళ్లు మందు, సీసం టోకున కొని, బుల్లెట్లు విడిదిలోనే పోతపోసుకునేవారు. మందలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి గానీ పద్ధతి మిగిలింది. 1884లో జాన్ బార్లో కనెక్టికట్‌లో ఐడియల్ కంపెనీ పెట్టి, పట్టకారు ఆకారంలో ఉండే చేతి పనిముట్లు అమ్మాడు. అదే ఏడాది ఫ్రాన్సులో పాల్ వియే పొగలేని మందు కనిపెట్టడంతో లెక్క మారింది. పాత నల్ల తుపాకీ మందును గుల్ల నిండా కొలిచి పోస్తే సరిపోయేది. కొత్త మందుకు తక్కెడ తప్పనిసరి. కొద్దిగా ఎక్కువైనా తుపాకీ పగలొచ్చు. అందుకే నేటికీ మందును కొంచెం కొంచెంగా పెంచుకుంటూ, ఒత్తిడి మితిమీరిన గుర్తులుగా ప్రతి గుల్ల ప్రైమర్ చదునవుతోందా, రైఫిల్ బోల్టు బిగుసుకుంటోందా అని పరిశీలిస్తారు.

భారతదేశానికీ ఈ చరిత్రలో చిన్న చోటు ఉంది. 1890లలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధశాలలో కెప్టెన్ బెర్టీ-క్లే పర్యవేక్షణలో కొన విచ్చుకునే బుల్లెట్లు తయారయ్యాయి. విచ్చుకునే బుల్లెట్లను యుద్ధంలో వాడకూడదని 1899 హేగ్ సమావేశం ప్రకటించింది. జంతువు త్వరగా చావాలంటే బుల్లెట్ విచ్చుకోవాలి కాబట్టి వేటలో అవే నిలిచాయి.

రెండో ప్రపంచ యుద్ధం ఈ కళకు స్వర్ణయుగం తెచ్చింది. యుద్ధకాలంలో బుల్లెట్లు దొరకడం కష్టమైంది. కాలిఫోర్నియాలోని ఒరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ పేలిపోయిన .22 తూటాల గుల్లలనే బుల్లెట్లకు పైతొడుగుగా నొక్కే అచ్చు చేశాడు. 1943లో మొదలైన ఆర్‌సీబీఎస్ కంపెనీకి పునాది ఆ చెత్త గుల్లలే. యుద్ధం ముగిశాక సైన్యం దగ్గర గుట్టలుగా మిగిలిన మందును కాన్సాస్‌లో బ్రూస్ హాడ్జన్ కొని, వేటగాళ్లకు చవగ్గా అమ్మాడు. అందులో 20 మి.మీ. ఫిరంగి గుండ్ల కోసం చేసిన 4831 రకం మెల్లగా మండుతుంది. పెద్ద గుల్ల, పొడవు బ్యారెల్ ఉన్న దూరపు రైఫిళ్లకు అది చక్కగా కుదిరింది.

వేటగాడు జాన్ నోస్లర్ కథ మరీ ఆసక్తికరం. 1946లో బ్రిటిష్ కొలంబియాలో అతను కాల్చిన బుల్లెట్లు మూస్ జింక ఒంటిపై ఎండిన బురదకు, మందపాటి కండకు తగిలి లోతుకు దిగలేదు. తిరిగొచ్చి నడుమ అడ్డుగోడ ఉన్న రాగి తొడుగు బుల్లెట్ తయారు చేశాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం చెక్కుచెదరకుండా లోపలికి దూసుకుపోతుంది. 1948లో అమ్మకానికి వచ్చిన ఆ పార్టిషన్ బుల్లెట్ ఇప్పటికీ తయారవుతోంది. మరుసటేడు నెబ్రాస్కాలో జాయిస్ హోర్నడీ కంపెనీ వచ్చింది.

1960లలో టెక్సస్‌కు చెందిన కెన్ ఓహ్లర్ చౌక క్రోనోగ్రాఫ్‌లు అమ్మడంతో, పుస్తకంలో చూసి ఊహించే వేగాన్ని వేటగాడు స్వయంగా కొలవగలిగాడు. తర్వాతి దశాబ్దాల్లో బుల్లెట్లు మరింత పొడుగై, కొనలు సన్నబడ్డాయి. 2007లో హోర్నడీ తెచ్చిన 6.5 క్రీడ్‌మూర్ తూటా, లేజర్ దూరమాపకాలు కలిసి 500 గజాల గురిని మామూలు విషయం చేశాయి. 1000 గజాలు దాటడానికి బుల్లెట్‌కు సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. ఆలోగా జంతువు అడుగు ముందుకేయవచ్చు. ఈ కారణంగా బూన్ అండ్ క్రోకెట్ క్లబ్ లాంటి పాత వేట సంఘాలు అతిదూరపు వేటను ఆమోదించవు. మరోవైపు, కాండర్ రాబందులకు సీసం విషమవుతోందని 2019 జులై 1 నుంచి కాలిఫోర్నియాలో వేటకు సీసపు తూటాలు నిషిద్ధం. చేతికూర్పు వాళ్లు అక్కడ రాగి బుల్లెట్లకు మారారు.

భారతదేశంలో వన్యప్రాణుల వేటను 1972 చట్టం కట్టడి చేసింది. లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం.