డ్రాగన్ పాత సంచికలు: పాఠకులు దిద్దిన ఆట

ద డ్రాగన్ పత్రిక తొలి సంచిక 1976 జూన్‌లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా నుంచి వెలువడింది. చికాగోకు వాయవ్యాన ఉన్న షామ్‌బర్గ్ నుంచి ఆ ఊరికి కారులో గంటకు కాస్త పైగా పడుతుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను అచ్చు వేసిన టీఎస్ఆర్ సంస్థే ఈ పత్రికనూ నడిపింది. 2007 సెప్టెంబరులో అచ్చు ఆగేనాటికి 359 సంచికలు వచ్చాయి. ఆట నియమాల పుస్తకాలు మాత్రమే చదివినవారికి అదంతా ఒకరిద్దరు రచయితలు కూర్చుని రాసినట్టు అనిపిస్తుంది. పాత సంచికలు తిరగేస్తే మరో సంగతి బయటపడుతుంది. ఆ ఆటలో చాలా భాగం పాఠకులు రాసి పంపినది, పాఠకులు తప్పుపట్టి మార్పించినది.

ఆట స్వరూపం

డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974 జనవరిలో మూడు చిన్న పుస్తకాలున్న పెట్టెగా మార్కెట్లోకి వచ్చింది. రచయితలు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. తొలి ముద్రణ వెయ్యి ప్రతులు, ధర 10 డాలర్లు. ఈ ఆటలో ఒకరు కథ నడుపుతారు. మిగిలినవారు తలా ఒక పాత్ర తీసుకుంటారు: యోధుడు, మాంత్రికుడు, పూజారి, దొంగ. కథకుడు ఒక గుహనో శిథిల కోటనో వర్ణిస్తాడు. తమ పాత్ర ఏం చేస్తుందో ఆటగాళ్లు చెబుతారు. దెబ్బ తగిలిందా, తాళం తెరుచుకుందా అన్నది పాచికలు తేలుస్తాయి. వాటిలో ఇరవై ముఖాల పాచిక కూడా ఉంటుంది. ఆటకు బల్ల మీద గళ్ల పటం తప్పనిసరి కాదు, గెలుపోటములతో ముగింపు అంతకన్నా ఉండదు. ఈ కారణంగానే నియమాలు ఎప్పుడూ చాలేవి కావు. ఆటగాళ్లు ఎప్పుడూ పుస్తకంలో లేని పని ఒకటి చేయబోయేవారు. ఆ ఖాళీలు పూరించడానికి పత్రిక అవసరమైంది.

చికాగో నుంచి లేక్ జెనీవా దాకా

ఈ అభిరుచి మొలకెత్తిన నేల చికాగో, దాని ఉత్తర పొలిమేరలు. గైగాక్స్ 1938లో చికాగోలోనే పుట్టాడు. చిన్నతనంలో కుటుంబం లేక్ జెనీవాకు మారింది. పెద్దయ్యాక అతను ఆ ఊళ్లో ఉంటూ రైల్లో చికాగో వెళ్లి ఒక బీమా సంస్థలో ఉద్యోగం చేశాడు. 1960లలో అమెరికాలో యుద్ధక్రీడల అభిమానులు ఉత్తరాల ద్వారా సంఘాలు కట్టుకున్నారు. వాటి కరపత్రాలు సైక్లోస్టైల్ కాగితాల మీద ఇళ్లలోనే తయారయ్యేవి. చికాగో వాసి లెన్ లకోఫ్కా అలాంటి ఇంటి పత్రిక ఒకటి నడిపాడు. 1968లో లేక్ జెనీవాలోని హార్టికల్చరల్ హాలులో జెన్ కాన్ అనే ఆటల సమ్మేళనం తొలిసారి జరిగింది. 1973లో గైగాక్స్, డాన్ కే కలిసి టీఎస్ఆర్ స్థాపించారు.

షామ్‌బర్గ్ అదే కాలంలో పొలాల ఊరు నుంచి శివారు పట్టణంగా మారింది. 1956లో దానికి స్థానిక పాలన హోదా వచ్చింది. 1971లో వుడ్‌ఫీల్డ్ మాల్ తెరుచుకుంది. చికాగో ప్రాంతపు సైన్స్ ఫిక్షన్ సమ్మేళనం విండీకాన్ 1974లో మొదలైంది. తర్వాత అది చాలా ఏళ్ల పాటు షామ్‌బర్గ్ హోటల్లోనే జరిగింది. జెన్ కాన్ కూడా తర్వాతి కాలంలో కెనోషాకు, అక్కడి నుంచి మిల్వాకీకి మారి ఈ పరిసరాల్లోనే కొనసాగింది. ఇలా పత్రిక, సమ్మేళనాలు, వాటి అభిమానులు ఒకరికొకరు కారు ప్రయాణం దూరంలోనే ఉన్నారు.

ఆరు పేజీల ఆరంభం

డ్రాగన్‌కు ముందు 1975 వసంతంలో టీఎస్ఆర్ స్ట్రాటెజిక్ రివ్యూ పేరుతో ఆరు పేజీల పత్రిక మొదలుపెట్టింది. 1976 ఏప్రిల్ దాకా ఏడు సంచికలు వచ్చాయి. పేరుకు కంపెనీ వార్తల కరపత్రమే అయినా, ఆ ఏడు సంచికల్లోనే ఆటకు మూలస్తంభాలు పడ్డాయి. ఎదుటివాడి మెదడును తినే మైండ్ ఫ్లేయర్ అనే రాక్షసుడు మొదటి సంచికలో పుట్టాడు. అడవుల్లో తిరిగే రేంజర్ పాత్రను రెండో సంచికకు జో ఫిషర్ రాశాడు. భ్రమలు కల్పించే మాంత్రికుడి పాత్రను పీటర్ ఆరన్సన్, పాటగాడైన బార్డ్ పాత్రను డగ్ ష్వెగ్‌మన్ రాశారు. వీళ్లు కంపెనీ జీతగాళ్లు కారు. అయినా 1978లో వచ్చిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఈ మూడు పాత్రలకూ చోటు దక్కింది.

ఆరో సంచికలో గైగాక్స్ రాసిన వ్యాసం దగ్గర కాసేపు ఆగాలి. అప్పటిదాకా ఆటలో పాత్రల స్వభావం ఒకే గీత మీద ఉండేది: ఒక కొసన క్రమం, మరో కొసన అరాచకం. క్రమం అంటే మంచి, అరాచకం అంటే చెడు అని చాలామంది అనుకున్నారు. ఆ వ్యాసంలో గైగాక్స్ ఆ గీతను అడ్డంగా కోస్తూ మంచి, చెడు అనే రెండో గీత గీశాడు. ఆ పటం మీద ఏ జీవి ఎక్కడ నిలుస్తుందో గుర్తులు పెట్టి చూపాడు. కట్టుబాటు పాటించే క్రూరుడు, కట్టుబాటు లెక్కచేయని మంచివాడు అనే పాత్రలకు అప్పుడే దారి దొరికింది. నేటి కంప్యూటర్ ఆటల్లో, ఇంటర్నెట్ హాస్య చిత్రాల్లో కూడా తిరిగే తొమ్మిది గళ్ల స్వభావ పట్టికకు మూలం అదే పేజీ.

పాఠకుల పత్రిక

టీఎస్ఆర్ తొలి పూర్తికాల ఉద్యోగి టిమ్ కాస్క్ కొత్త పత్రికకు సంపాదకుడయ్యాడు. ద డ్రాగన్ మొదట్లో రెండు నెలలకొకసారి వచ్చేది, తర్వాత మాసపత్రిక అయింది. తొలి సంచికలోనే ప్రసిద్ధ కాల్పనిక రచయిత ఫ్రిట్జ్ లైబర్ రచన ఉంది. గైగాక్స్ మారుపేరుతో రాసిన ధారావాహిక కూడా అందులోనే మొదలైంది. అయితే పత్రికకు ప్రాణం పోసింది పేరున్నవారు కాదు. కొత్త రాక్షసులు, కొత్త మంత్రాలు, తుపాకుల లెక్కలు, వాతావరణ పట్టికలు, ఆయుధాల బరువులు టైపు చేసి పంపే అభిమానులే. సంపాదకుడు ఎంచుకున్నవి అచ్చయ్యేవి. తర్వాతి నెలల్లో లేఖల పేజీలో వాటి మీద వాదోపవాదాలు నడిచేవి.

ఈ పద్ధతి మంచి చెడ్డలు రెండూ ఒకే అంశంలో కనిపిస్తాయి. 1976 అక్టోబరు నాటి మూడో సంచికలో లకోఫ్కా స్త్రీ పాత్రల మీద వ్యాసం రాశాడు. స్త్రీ యోధులకు బలం తక్కువ కట్టి, ప్రజాకర్షణ అనే గుణం తీసేసి దాని స్థానంలో అందం అనే కొలత పెట్టాడు. ఆడేవారిలో అత్యధికులు మగవాళ్లైన రోజులవి. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో అందం కొలత రాలేదు గానీ, స్త్రీ పాత్రల బలానికి హద్దు మాత్రం చేరింది. 1980 జూలైలో అదే పత్రిక 39వ సంచికలో జీన్ వెల్స్, కిమ్ మోహన్ ఆ ధోరణిని నేరుగా నిలదీశారు. స్త్రీలు సమానత్వం కోరితే తప్పేముందన్న ప్రశ్నే ఆ వ్యాసం శీర్షిక. బల్ల దగ్గర తమకు ఎదురవుతున్న వివక్షను వివరిస్తూ స్త్రీ పాఠకులు పంపిన మాటలే దానికి ఆధారం. 1989లో వచ్చిన రెండో కూర్పు నియమాల్లో ఆ హద్దు లేదు. నియమ పుస్తకాలు రెండూ పక్కపక్కన పెడితే ఒక వాక్యం మాయమైనట్టు మాత్రమే తెలుస్తుంది. ఎందుకు మాయమైందో చెప్పేది పత్రికే.

జీన్ వెల్స్ 1979 నవంబరులో మొదలుపెట్టిన సేజ్ అడ్వైస్ శీర్షిక మరో ముఖ్యమైన ఆధారం. నియమాల మీద పాఠకులు ప్రశ్నలు పంపేవారు, పత్రిక జవాబు చెప్పేది. ఏ వాక్యం అర్థం కాలేదో, ఏ మంత్రాన్ని ఆటగాళ్లు వింతగా వాడుతున్నారో, ఎక్కడ కథకుడికీ ఆటగాళ్లకూ తగవు వస్తోందో ఆ ప్రశ్నల్లో తెలుస్తుంది. ఆ కాలంలో ఇళ్లలో ఆట ఎలా సాగిందో తెలుసుకోవాలంటే ఇంతకన్నా నమ్మకమైన సాక్ష్యం దొరకదు.

ఉచ్చస్థితి

1981లో కిమ్ మోహన్ సంపాదకుడయ్యాక పత్రిక స్థాయి పెరిగింది. 1980ల మధ్యకు నెలకు లక్షకు పైగా ప్రతులు పోయాయి. కెనడాలో గ్రంథాలయ ఉద్యోగి ఎడ్ గ్రీన్‌వుడ్ తొలి రచన 1979 అక్టోబరు సంచికలో వచ్చింది. 1982 నుంచి అతను మాంత్రికుల గ్రంథాలను ఒక్కొక్కటిగా పరిచయం చేస్తూ వ్యాసాలు రాశాడు. ఆ సంగతులన్నీ తనకు చెప్పినవాడు ఎల్మిన్‌స్టర్ అనే వృద్ధ మాంత్రికుడని రాసేవాడు. ఒక్కో గ్రంథానికి అట్ట ఎలా ఉంటుంది, ఎవరి చేతులు మారింది, చివరిసారి ఎక్కడ కనిపించింది అన్న వివరాలతో పాటు అందులోని మంత్రాలు ఉండేవి. చదివేవారిని మంత్రాల కన్నా ఆ ఊర్లు, ఆ పేర్లు ఎక్కువ ఆకట్టుకున్నాయి. గ్రీన్‌వుడ్ చిన్నప్పటి నుంచి అల్లుకున్న ఆ లోకాన్ని టీఎస్ఆర్ కొనుక్కుని 1987లో ఫర్గాటెన్ రెల్మ్స్ పేరుతో విడుదల చేసింది. వందల నవలలకు, కంప్యూటర్ ఆటలకు అదే రంగస్థలం.

1983 ఏప్రిల్‌లో మొదలైన మరో వరుస ఒక్కో రాక్షస జీవిని ప్రకృతి శాస్త్రవేత్త చూపుతో పరిశీలించింది. గుహ పైకప్పు నుంచి రాతి కొమ్ములా వేలాడుతూ, కింద నడిచేవారి మీద పడే పియర్సర్ దాని తొలి అంశం. ఆ వ్యాసం డ్రాగన్‌లర్డ్స్ అనే బ్రిటిష్ అభిమానుల చిన్న పత్రిక నుంచి తీసుకున్నది. చంపాల్సిన శత్రువుగా మాత్రమే ఉన్న జీవికి తిండి, ఉనికి, బతుకు తెరువు వచ్చాయి.

చివరి పేజీల బొమ్మల కథలకూ ప్రత్యేక పాఠకులుండేవారు. డేవిడ్ ట్రాంపియర్ గీసిన వర్మీ 1977లో మొదలైంది. తెలివైన డ్రాగన్ ఒకటి అందులో నాయకుడు. 1988లో ఆ కథ ముగింపు లేకుండానే ఆగిపోయింది, చిత్రకారుడు ఈ రంగానికే దూరమయ్యాడు. ఆయన ఇల్లినాయ్ దక్షిణాన ఉన్న కార్బన్‌డేల్‌లో టాక్సీ నడుపుతున్నాడని చాలా ఏళ్ల తర్వాత ఒక విద్యార్థి దినపత్రిక ద్వారా తెలిసింది. 2014లో మరణించాడు.

ఇరుగుపొరుగు పత్రికలు

పొరుగు రాష్ట్రమైన ఇల్లినాయ్‌లోనూ కొన్ని పత్రికలు నడిచాయి. డెకటూర్‌లో 1976లో మొదలైన జడ్జెస్ గిల్డ్ తన చందాదారులకు పటాలు, నగరాల వివరాలు విడతలుగా పంపేది. మిషిగన్‌లో విద్యార్థిగా ఉన్న జాక్వేస్ ప్రారంభించిన డంజనీర్ పత్రికను కూడా ఆ సంస్థే తర్వాత తీసుకుంది. నార్మల్ అనే ఊళ్లోని జీడీడబ్ల్యూ సంస్థ 1979 నుంచి తన అంతరిక్ష ఆట కోసం వేరే పత్రిక తెచ్చింది. లండన్‌లో 1977 జూన్‌లో పుట్టిన వైట్ డ్వార్ఫ్ పాఠకుల రాక్షసులకు ఒక శీర్షికే కేటాయించింది. వాటిలో ఏరినవి 1981లో ఫీండ్ ఫోలియో పుస్తకంగా వచ్చాయి. తర్వాత సైన్స్ ఫిక్షన్ రచయితగా పేరు తెచ్చుకున్న చార్లెస్ స్ట్రాస్ టీనేజీలో ఊహించిన గిత్‌యాంకీ జాతి అందులో ఒకటి.

తెలుగు పాఠకులకు పాత సంచికల మోజు అంటే చందమామ గుర్తుకొస్తుంది. 1947 జూలైలో మద్రాసులో మొదలైన ఆ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు, చిత్రా బొమ్మలు ఒక అద్భుత లోకాన్ని నిలబెట్టాయి. అయితే అక్కడ లోకాన్ని కట్టినవారు కార్యాలయంలోని రచయితలు, చిత్రకారులు. పాఠకులు ఫోటో వ్యాఖ్యల పోటీలో పాలుపంచుకున్నారు. డ్రాగన్‌లో లోకం కట్టే పనే పాఠకుల చేతికి వచ్చింది.

పతనం, భద్రపరిచే ప్రయత్నం

1996 చివరికి టీఎస్ఆర్ అప్పుల్లో కూరుకుపోయి ముద్రణాలయానికి డబ్బు కట్టలేకపోయింది. 1997లో నెలల తరబడి పత్రిక రాలేదు. ఆ ఏడాదే విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ టీఎస్ఆర్‌ను కొన్నది. పత్రిక వాషింగ్టన్ రాష్ట్రానికి తరలిపోయింది. లేక్ జెనీవాతో బంధం అక్కడితో తెగింది.

1999లో కొత్త యాజమాన్యం స్ట్రాటెజిక్ రివ్యూ ఏడు సంచికలు, డ్రాగన్ తొలి 250 సంచికలు సీడీల మీద విడుదల చేసింది. అట్టల నుంచి ప్రకటనల దాకా ప్రతి పేజీ అందులో ఉంది. పరిశోధకులకు అది పెన్నిధి అయింది కానీ, హక్కుల చిక్కు వెంటనే తలెత్తింది. చాలా రచనలను పత్రిక ఒక్కసారి అచ్చు కోసమే తీసుకుంది. వాటిని సీడీలో మళ్లీ వేయడానికి రచయితల అనుమతి కావాలన్న వాదన వచ్చింది. పత్రికలో అచ్చయిన నైట్స్ ఆఫ్ ద డిన్నర్ టేబుల్ బొమ్మల కథ విషయంలో చికాగో ఉత్తర శివార్లలోని కెంజర్ అండ్ కంపెనీతో ఒప్పందం కుదిరింది. దాని ఫలితంగా పాత నియమాలను వాడుకునే హక్కు ఆ సంస్థకు దక్కి, 2001లో హ్యాక్‌మాస్టర్ ఆట వచ్చింది.

2002లో పైజో సంస్థ పత్రికను చేపట్టి 2007 వరకు నడిపింది. తర్వాత డ్రాగన్ 2013 దాకా డిజిటల్ రూపంలోనే కొనసాగింది. అప్పటికి నియమాల మీద ప్రశ్నలు, కొత్త రాక్షసులు, వాదోపవాదాలు అన్నీ ఇంటర్నెట్‌కు చేరాయి. నెలనెలా పోస్టులో వచ్చే పత్రిక చేసిన పనికి మరో వేదిక దొరికింది.

ఈ ఆట చరిత్ర రాసేవారు నేడు ముందుగా తెరిచేది పాత సంచికలనే. ఏ ఆలోచన ఏ నెలలో వచ్చింది, ఎవరు పంపారు, ఎవరు కాదన్నారు, ఎప్పుడు నియమంగా మారింది అన్న క్రమం వాటిలో తేదీలతో సహా ఉంది. రేంజర్ పాత్రకు జో ఫిషర్ పేరు, సమానత్వం అడిగిన స్త్రీ పాఠకుల మాటలు, బ్రిటిష్ అభిమానుల పియర్సర్ వ్యాసం మిగిలింది అక్కడే. లక్షలమంది ఆడుకున్న ఆటను ఇద్దరు ముగ్గురి సృష్టిగా కాక, వేలమంది చేతి పనిగా గుర్తించడానికి ఆ సంచికలే ఆధారం.