మూగబోయిన రిమోటు: కొంత చరిత్ర, కొంత చికిత్స

రిమోటు పనిచేయడం మానేస్తే మనిషి మొదట దేనిని అనుమానిస్తాడు? రిమోటునా, టీవీనా? ఈ ప్రశ్న నాది కాదు. డెబ్బై ఏళ్ల క్రితం అమెరికాలోని జెనిత్ సంస్థలో టీవీలు అమ్మే విభాగం వారు తమ ఇంజనీర్ల ముందు పెట్టినది. చేతిలోని పరికరంలో బ్యాటరీ ఉంటే అది ఏదో ఒకనాడు అయిపోతుంది, అయిపోయిన రోజున కొనుగోలుదారు టీవీయే చెడిపోయిందనుకుంటాడు, కనుక బ్యాటరీ లేని పరికరం కావాలని వారు పట్టుబట్టారు. స్ట్రీమింగ్ స్టిక్కులు పల్లెలకు కూడా చేరిన ఈ రోజుల్లో రిమోటు మూగబోయిన ప్రతి ఇంటిలోనూ వారి భయమే నిజమవుతున్నది. ఈ టపాలో ఆ చరిత్రను, దానితోపాటు నాకు తెలిసిన చికిత్సను చెప్పదలచాను.

ముందుగా ఒక్క మాట. రిమోటుకు తెలుగులో మాట కట్టాలని నాకూ ఉబలాటముండేది. 'దూరనియంత్రిక' అన్నాను, ఇంట్లో వారు నవ్వారు. జనం నోట రిమోటు అజంతమై స్థిరపడిపోయాక పండితులు చేయగలిగింది లేదు. కాబట్టి రిమోటు అనే రాస్తాను.

దూరం నుంచి యంత్రాన్ని శాసించే విద్యను లోకానికి ప్రదర్శించినవాడు నికోలా టెస్లా. 1898లో న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నీటితొట్టెలో చిన్న పడవను వదిలి, రేడియో తరంగాలతో దానిని అటూ ఇటూ తిప్పి చూపించాడు. ఆ విద్య ఇళ్లలోకి రావడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది. 1950లో జెనిత్ సంస్థ 'లేజీ బోన్స్' అనే పరికరాన్ని తెచ్చింది. మన భాషలో 'సోమరిపోతు' అనవచ్చు. దానికీ టీవీకీ మధ్య తీగ ఉండేది. గది నడుమ పరచుకున్న ఆ తీగ తట్టుకుని జనం పడేవారట. 1955లో యూజీన్ పాలీ అనే ఇంజనీరు 'ఫ్లాష్‌మాటిక్' తయారుచేశాడు. అది ఒక టార్చిలైటు వంటిది. టీవీ తెర నాలుగు మూలలా వెలుగును గుర్తించే కన్నులుండేవి. ఒక్కో మూల మీద వెలుగు వేస్తే ఒక్కో పని జరిగేది. దాని జబ్బు వేరు: కిటికీ గుండా ఎండ తెర మీద పడితే టీవీ తనంతట తానే చానళ్లు మార్చుకునేది.

ఇంతకూ ఆ సంస్థకు ఈ తపన ఎందుకంటే, దాని అధిపతి యూజీన్ మెక్‌డొనాల్డ్‌కు వాణిజ్య ప్రకటనలంటే పరమ అసహ్యం. ప్రకటన వచ్చినప్పుడు కూర్చున్నచోటి నుంచే టీవీ నోరు నొక్కే సాధనం కావాలన్నది ఆయన కోరిక. ఇప్పటి స్ట్రీమింగ్ రిమోటు మీద మూడు నాలుగు కంపెనీల పేర్లతో ప్రత్యేకంగా మీటలే ఉంటున్నాయి. ప్రకటనను తప్పించుకోవడానికి పుట్టిన వస్తువు తానే ప్రకటన పలక అయింది. ఆయన చూసి ఉంటే ఏమనేవాడో!

1956లో వచ్చిన 'స్పేస్ కమాండ్' ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. దాని రూపకర్త రాబర్ట్ ఆడ్లర్, 1913లో వియన్నాలో పుట్టినవాడు. ఆయన ముందు రెండు చిక్కులున్నాయి. రేడియో తరంగాలు వాడితే అవి గోడ దాటి పొరుగింటి టీవీని కూడా ఆడిస్తాయి. బ్యాటరీ వాడరాదని అమ్మకాల వారి పట్టు ఉండనే ఉంది. ఆడ్లర్ రెండింటికీ ఒకే పరిష్కారం చూపాడు. రిమోటులో చిన్న అల్యూమినియం కడ్డీలు అమర్చాడు. మీట నొక్కితే చిన్న సుత్తి కడ్డీని కొడుతుంది. మనిషి చెవికి అందనంత హెచ్చు స్థాయిలో కడ్డీ మోగుతుంది, ఆ మోతను టీవీ వింటుంది. గుడిగంటకున్న సూత్రమే, శ్రుతి మాత్రం మనకు వినపడదు. ధ్వని గోడ దాటదు గనుక పొరుగువారికి బాధ లేదు, బ్యాటరీ లేదు గనుక అది అయిపోయే బెడదా లేదు. ఆ మోతను వినడానికి టీవీలో అదనంగా ఆరు వాక్యూమ్ ట్యూబులు పెట్టవలసి వచ్చి, ధర దాదాపు 30 శాతం పెరిగింది. గదిలో చిల్లర నాణేలు గలగలలాడినా ఒక్కోసారి చానల్ మారేదన్నది వేరే సంగతి. అయినా ఈ పద్ధతి సుమారు పాతికేళ్లు నిలిచింది.

ఆ పాతికేళ్లలో మన సంగతేమిటి? ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న ప్రయోగాత్మకంగా టీవీ మొదలైంది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సాగిన 'సైట్' ప్రయోగంలో, అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2400 గ్రామాలు టీవీ చూశాయి. ఊరంతటికీ ఒకే పెట్టె, ఒకే కార్యక్రమం. అక్కడ రిమోటు ఎవరి చేతిలో ఉండాలన్న తగవుకే తావు లేదు. 1982లో రంగులు వచ్చాక కూడా ఇళ్లలో తిరుగుడు మరే ఉండేది. మా మెట్టప్రాంతంలో టీవీ చూడటమంటే ఒకడు మిద్దెమీద ఏంటెన్నా తిప్పుతుంటే, మరొకడు వాకిట్లో నిలబడి "ఇంకొంచెం తిప్పు, చాలు చాలు" అని కేకవేయడం. ఉన్నదే ఒక చానలు, ఇక మార్చేదేమిటి? 1995లో జెమిని, ఈటీవీ వచ్చి, కేబులు తీగ వీధి వీధికీ పాకిన తరువాతనే మన ఇళ్లలో రిమోటుకు పని పడింది.

అప్పటికి లోకమంతా ఆడ్లర్ కడ్డీలను వదిలి పరారుణ కిరణాలకు మళ్లింది. రిమోటు కొసన చిన్న దీపం ఉంటుంది. అది కంటికి కనిపించని వెలుగును సెకనుకు సుమారు 38 వేల సార్లు మినుకుమినుకుమనిపిస్తూ, ఆ మినుకుల గుంపులలోనే ఆజ్ఞను పంపుతుంది. వెలుగు గోడ దాటదు కనుక పొరుగింటి చిక్కు లేదు. అయితే బ్యాటరీ వచ్చింది. దానితో జెనిత్ అమ్మకాల వారు భయపడిన జబ్బూ వచ్చింది.

మనవాళ్లు ఆ జబ్బుకు గృహవైద్యం కనిపెట్టారు. రిమోటును అరచేతిలో రెండు దెబ్బలు కొట్టడం, బ్యాటరీలను గుండ్రంగా తిప్పడం, ఎండలో పెట్టడం. వీటిని చూసి నవ్వేవారున్నారు గాని, మూడింటిలోనూ తర్కం ఉంది. స్ప్రింగు మీద పట్టిన చిలుము దెబ్బకో రాపిడికో కాస్త చెదిరి విద్యుత్తుకు దారి దొరుకుతుంది. వేడికి లోపలి రసాయన చర్య చురుకై, నీరసించిన బ్యాటరీ మరి కొన్నాళ్లు లేచి కూర్చుంటుంది. రిమోటుకు ప్లాస్టిక్ సంచి తొడిగి రబ్బరుబ్యాండు వేయడం మా దుమ్ముకు తగిన ఉపాయమే.

చిక్కల్లా, ఈ గృహవైద్యాన్నే కొత్తతరం రిమోటు మీద ప్రయోగించడం. 2016లో నెట్‌ఫ్లిక్స్ భారతదేశానికి వచ్చింది. 2017లో అమెజాన్ ఫైర్ టీవీ స్టిక్ వచ్చింది. ఆ ఏడాది చివరనే ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ ప్రారంభమై, కరెంటు స్తంభాల మీదుగా ఫైబరు తీగ పల్లెలకు సాగింది. 2020లో కేవలం తెలుగు కోసం 'ఆహా' వచ్చింది. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటూ, సెలవులకు వచ్చినప్పుడు టీవీ వెనుక స్టిక్కు గుచ్చి వెళ్లడం మా జలదంకి వైపు మామూలైంది. ఇళ్లలో మిగిలేది అరవై, డెబ్బై ఏళ్లవారు. స్టిక్కు మీద ఆజ్ఞలిచ్చే మీటలుండవు. ఇంటికి వచ్చే భక్తి ప్రవచనమైనా, సినిమా అయినా ఆ గుప్పెడు ప్లాస్టిక్కు మీదే ఆధారపడి ఉంది.

మా బంధువుల్లో ఒక పెద్దమ్మ ఉన్నారు. ఒంటరి మనిషి. ఒకనాడు కబురు చేసి, "ఏందో అబ్బయా, టీవీ మాట వినటంలా. కావలికి రిపేరుకు పంపిద్దామా?" అన్నారు. నాలుగు రోజులుగా ఆ ఇంట్లో మనిషి గొంతు వినపడలేదు. బ్యాటరీలు రెండుసార్లు ఎండబెట్టారట. టీవీకి ఏమీ కాలేదు, బ్యాటరీలూ బాగానే ఉన్నాయి. రిమోటుకూ స్టిక్కుకూ మధ్య జోడింపు తెగిపోయింది. అంతే.

ఈ జోడింపు ఏమిటో తెలిస్తే చికిత్స సగం తెలిసినట్టే. కొత్త రిమోటు చాలావరకు బ్లూటూత్ మీద, అంటే మళ్లీ రేడియో తరంగాల మీద పనిచేస్తుంది. 1956లో ఆడ్లర్ వద్దనుకున్నది దీనినే. గోడ దాటే తరంగం పొరుగింటి టీవీని ఆడించకుండా ఉండేదెట్లా? అందుకే రిమోటూ స్టిక్కూ మొదటి పరిచయంలో ఒక రహస్య సంకేతాన్ని పంచుకుని, రెండూ దానిని గుర్తుంచుకుంటాయి. పరారుణ రిమోటు దండోరా వేసినట్టు ఎదుట ఎవరుంటే వారికి చెబుతుంది. బ్లూటూత్ రిమోటు తనకు పరిచయమైన ఒక్కరితోనే మాట్లాడుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడో, స్టిక్కు తన సాఫ్ట్‌వేరును మార్చుకున్నప్పుడో ఆ పరిచయం చెదరవచ్చు. అప్పుడు రిమోటును ఎంత కొట్టినా లాభం లేదు.

కనుక ముందు ఎవరిది జబ్బో తేల్చుకోవాలి. స్టిక్కు రిమోట్లలో కొన్ని రెండు భాషలు మాట్లాడతాయి: టీవీ శబ్దం, ఆన్ ఆఫ్ మీటలు పరారుణంలో, మిగిలినవి బ్లూటూత్‌లో. శబ్దం పెరిగి తగ్గుతూ, హోమ్ మీట మాత్రం పలకకపోతే బ్యాటరీ ఉన్నట్టే, తెగింది జోడింపు. శబ్దం మీట కూడా పనిచేయకపోతే సెల్‌ఫోను కెమెరా తెరిచి, రిమోటు కొసను దానికి చూపించి ఆ మీట నొక్కండి. కంటికి కనపడని వెలుగు ఫోను తెర మీద ఊదారంగు చుక్కగా మెరుస్తుంది. కొన్ని ఫోన్లలో వెనుక కెమెరాకు కనపడదు, ముందు కెమెరాతో చూడాలి. పూర్తిగా బ్లూటూత్ రిమోటుకు ఈ పరీక్ష చెల్లదు. అక్కడ కొత్త బ్యాటరీలు వేసి చూడటమే మార్గం. అవి కూడా ఆల్కలైన్ రకమైతే మేలు. మళ్లీ మళ్లీ చార్జి చేసుకునేవి 1.5 వోల్టులకు బదులు 1.2 వోల్టులే ఇస్తాయి గనుక కొన్ని రిమోట్లకు చాలవు.

బ్యాటరీ తప్పు కాదని తేలితే స్టిక్కును రిమోటుతో ఆపడం కాదు, కరెంటు నుంచి ఊడబెరికి ఒక నిమిషం ఆగి పెట్టాలి. సగం కేసులు ఇక్కడే కుదురుతాయి. స్టిక్కుకు టీవీలోని యూఎస్‌బీ రంధ్రం నుంచి కరెంటు ఇస్తుంటే, అది చాలక తంటాలు పడవచ్చు. దానితో వచ్చిన అడాప్టరునే వాడండి. తరువాత స్టిక్కుకు దగ్గరగా నిలబడి హోమ్ మీటను పది సెకన్లు నొక్కిపట్టాలి. ఫైర్ టీవీ రిమోట్లలో జోడింపుకు ఇదే పద్ధతి. దానికీ లొంగకపోతే రీసెట్. శబ్దం మీటలున్న రకానికి వరుస ఇది. స్టిక్కు కరెంటు తీసి ఒక నిమిషం ఆగాలి. ఎడమ బాణం, మెనూ, వెనక్కి - ఈ మూడు మీటలనూ ఒకేసారి 12 సెకన్లు నొక్కిపట్టి వదలాలి. ఐదు సెకన్లయ్యాక బ్యాటరీలు తీయాలి. స్టిక్కుకు కరెంటు ఇచ్చి మరో నిమిషం ఆగి, బ్యాటరీలు వేసి హోమ్ నొక్కాలి. ఇతర సంస్థల రిమోట్లకు మీటలు వేరు, సూత్రం మాత్రం ఇదే: పాత పరిచయాన్ని చెరిపి కొత్తగా కలపడం. మూడు మీటలు ఒకేసారి పట్టడం వణికే చేతులకు కష్టం. పక్కన మరో మనిషి ఉండాలి. దీనిని రూపొందించినవారు ముసలివారిని తలచుకున్నట్టు లేదు.

రిమోటు పగిలినా పోయినా దారి ఉంది. టీవీ సెట్టింగులలో 'సీఈసీ' అనే సదుపాయం ఉంటుంది. శాంసంగ్ దానిని ఎనీనెట్ ప్లస్ అని, ఎల్‌జీ సింప్‌లింక్ అని, సోనీ బ్రావియా సింక్ అని పిలుస్తాయి. అది తెరిచి ఉంటే చాలా టీవీలలో టీవీ సొంత రిమోటు బాణాలతోనే స్టిక్కును నడపవచ్చు. ఫోనులో ఆ సంస్థ యాప్ వేసుకున్నా రిమోటుగా పనికివస్తుంది, కాకపోతే ఫోనూ స్టిక్కూ ఒకే వైఫైలో ఉండాలి. ఈ రెండూ రిమోటు బాగున్న రోజుల్లోనే సిద్ధం చేసుకోవాలి. అది పోయాక సెట్టింగులలోకి వెళ్లడానికి మళ్లీ రిమోటే కావాలి. పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు స్టిక్కు గుచ్చడంతో పాటు ఈ పని కూడా చేయించుకోండి. మీ దగ్గరున్న రిమోటు రకానికి రీసెట్ మీటలు వేరైతే రాసి తెలపండి, ఇక్కడ చేరుస్తాను.