పై పన్ను, కంటిచూపు

పై వరుసలోని పన్ను పెరికించినచో కంటిచూపు మందగించునని చిత్తూరు, తిరుపతి ప్రాంతముల పెద్దలు ఈనాటికిని చెప్పుచుందురు. ఈ మాట నమ్మి, పిప్పిపన్ను రాత్రులు నిద్ర పట్టనీయకున్నను, చెక్కిలి వాచి నోరు తెరువరాకున్నను, లవంగనూనె దూదితో అద్దుకొని కాలము గడుపువారు కలరు. ఇది ఒట్టి మూఢనమ్మకమని కొట్టివేయుట సులభము. కాని ఈ భయమునకొక చరిత్ర ఉన్నది.

సుశ్రుతసంహిత ముఖరోగములను 65గా లెక్కించినది. వానిలో పంటి మూలములకు సంబంధించినవి 15, పండ్లకు సంబంధించినవి 8. పంటి మొదట నాడీవ్రణ మేర్పడి చీము కారుచున్నచో చిగురు కోసి ఆ పన్నును తీసివేయవలెననియు, పిదప ఆ చోటును క్షారముతోగాని అగ్నితోగాని కాల్చవలెననియు చికిత్సాస్థానము 22వ అధ్యాయమున కలదు. అయితే అక్కడనే ఒక మినహాయింపు: అది పై పన్ను కారాదు. పై పన్ను కదలుచున్నను వైద్యుడు దానిని పెరుకరాదట. పెరికినచో రక్తము మితిమీరి స్రవించి రోగి ఒంటికన్నువాడగునట. మూతి వంకరపోవు అర్దితమను వాతము కూడ కలుగునట. మన అవ్వలు చెప్పు మాట ఇట్లు శాస్త్రగ్రంథమందే కనిపించుచున్నది.

ఆ కాలమునకు ఈ హెచ్చరిక న్యాయమైనదే. పై దవడ దంతముల వేళ్ళకు మీదుగా, ముక్కుకు ఇరుప్రక్కల గాలిగదులున్నవి. వెనుక పండ్ల వేళ్ళకును ఆ గదికిని నడుమ నుండు ఎముక కొందరిలో కాగితమువలె పలుచన. ముఖమందలి సిరలకు కంటి వెనుకనుండు సిరలతో సంబంధము కలదు. చీము ఆ దారిని పైకి ప్రాకినచో కంటికిని, మెదడునకును గూడ ముప్పే. రక్తము నిలుపుటకు, చీము నణచుటకు తగిన సాధనములు లేని దినములలో పన్ను తీసిన పిదప ఏ రోగికో చూపు పోయినచో, నింద పెరికిన చేతిమీద పడినది. నిజమునకు దోషము చీముది. చూపునకు నాడి వేరు, పంటికి నాడి వేరు. ఒకటి తెగినంతమాత్రమున రెండవది చెడదు.

పై పంటి కష్టము మన దేశమునకే పరిమితమైనది కాదు. ఫ్రాన్సు రాజైన పదునాలుగవ లూయీకి 1685లో పై దవడ పండ్లు పెరుకగా ఎముక విరిగి, త్రాగిన ద్రవము ముక్కునుండి కారెడిది. ఆ రంధ్రమును మూయుటకు ఎఱ్ఱగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టిరి. చక్రవర్తికే ఇట్లయినప్పుడు సామాన్యుని గతి యేమి?

మార్పు పందొమ్మిదవ శతాబ్దిలో వచ్చినది. 1844 డిసెంబరు 11న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరమున హొరేస్ వెల్సు అను దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడు వాయువు పీల్చి తన పంటినే తీయించుకొనెను. 1846 సెప్టెంబరు 30న బోస్టనులో విలియం మార్టను ఈథరు ఇచ్చి నొప్పి లేకుండ ఒకరి పన్ను తీసెను. శస్త్రచికిత్సకు మత్తుమందు నిచ్చిన ఘనత పంటివైద్యులది కావడము గమనింపదగినది. 1884లో కార్ల్ కోలర్ కొకైనుతో కంటిని మొద్దుబార్చగా, ఆ పద్ధతి త్వరలోనే పంటికిని వచ్చెను. ఒక విధముగా ఇక్కడ కన్నే పంటికి మేలు చేసినది! పిదప 20వ శతాబ్ది ఆరంభమున ప్రొకెయిను, 1943లో స్వీడనులో లిగ్నొకెయిను కనుగొనబడినవి. నేడు పంటివైద్యుడు చిగుట వేయు సూదిమందు సాధారణముగా ఈ లిగ్నొకెయినే. లిస్టరు క్రిమిరహిత పద్ధతి 1867నాటిది. పెనిసిలిను 1940లలో ప్రజలకు అందినది. సుశ్రుతుడు వెరచిన రక్తస్రావమునకును చీమునకును ఇట్లు విరుగుడు దొరికినది.

ఈ విద్య మన సీమకు చేరుటకు మాత్రము చాల కాలము పట్టినది. భారతదేశమున తొలి దంతవైద్య కళాశాలను డాక్టరు రఫీయుద్దీన్ అహ్మదు 1920లో కలకత్తాలో స్థాపించెను. చెన్నపట్టణములో 1953లోను, హైదరాబాదులో 1959లోను కళాశాలలు ఏర్పడినవి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడునాటికి మదనపల్లెలో జేకబ్ చేంబర్లెను దొర, వేలూరిలో ఐడా స్కడ్డరు దొరసాని నెలకొల్పిన మిషను వైద్యశాలలు ఉన్నవి. కాని పల్లెవాని పిప్పిపంటికి ఊరి మంగలియో, సంతలో గుడ్డ పరచి కూర్చున్న పండ్లవాడో దిక్కు. చెన్నపట్టణమున చీనా దేశపు హూబె ప్రాంతమునుండి వచ్చిన పంటివైద్యులును ఉండిరి. 1948 నాటి దంతవైద్యుల చట్టము పట్టభద్రులను 'ఏ' భాగమునను, పట్టము లేకున్నను అయిదేండ్లుగా ఆ వృత్తితోనే జీవించుచున్నవారిని 'బి' భాగమునను నమోదు చేయించినది. అనుభవజ్ఞుల పొట్ట కొట్టకుండ, కొత్తవారిని చదువు లేకుండ రానీయకుండ చేసిన ఈ ఏర్పాటు వివేకవంతమైనదని నా అభిప్రాయము. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల 1960లోను, రుయా ఆసుపత్రి 1962లోను వెలసినవి.

ఇక పన్ను తీసిన తరువాతి సంగతి. గుంటలో నిండి గడ్డకట్టు రక్తమే అసలైన మందు, దానిని కాపాడవలెను. వైద్యుడు పెట్టిన గుడ్డ ఉండను అరగంటనుండి గంటవరకు గట్టిగా కొరికి పట్టవలెను. ఆ దినము పుక్కిలింతలు, మాటిమాటికి ఉమ్మివేయుట, గొట్టముతో పీల్చి త్రాగుట పనికిరావు. బీడీ, చుట్ట, పొగాకు, వక్కాకు మానవలెను. చెక్కిలిపై చల్లని గుడ్డ వేయవచ్చును. మరునాటినుండి గోరువెచ్చని ఉప్పునీటితో మెల్లగా పుక్కిలించవచ్చును. రెండు మూడు దినములకు నొప్పి తగ్గుటకు బదులు చెవిదాక లాగుచున్నచో, నెత్తుటిగడ్డ జారి ఎముక బయటపడినదని అనుమానించి మరల వైద్యుని దర్శింపవలెను. రక్తము పలుచబడు మందులు వాడువారును, మధుమేహము కలవారును ఆ సంగతి ముందే చెప్పవలెను. చిగురు కూడుటకు రెండు వారములు, లోపల ఎముక నిండుటకు నెలలు పట్టును.

తిండికి మన సీమవారికి దిగులు లేదు. రాగిసంకటి నమలక మ్రింగదగినదే గదా. చల్లార్చి మజ్జిగలో కలిపి త్రాగినను చాలును. దానికి తోడుండు కారపు ఊరుబిండిని మాత్రము నాలుగు దినములు ప్రక్కన పెట్టవలెను.