ల్యాబ్ కంప్యూటర్లో విండోలు నిదానంగా కదులుతుంటే: ముందు గ్రాఫిక్స్ చూడండి

బిడ్డలకు ల్యాబ్‌లో దొరికేది వారానికి ఒకటి రెండు పీరియడ్లు. ఆ కాస్త సేపట్లో విండో లాగితే తుంపులు తుంపులుగా రావడం, తెలుగులో టైపు చేస్తే అక్షరం ఆలస్యంగా పడటం జరిగితే పాఠం అక్కడే ఆగిపోతుంది. మా ల్యాబ్‌లో ఇలాంటి మెషీన్ ఒకటి ఉండేది. చూసిన ఒకాయన "పాతబడిపోయింది సార్, తీసేయండి" అన్నాడు. తీరా చూస్తే, ఫార్మాట్ చేసినప్పుడు గ్రాఫిక్స్ డ్రైవర్ వేయలేదు, అంతే. డ్రైవర్ వేశాక అదే మెషీన్ మీద బిడ్డలు పని చేస్తున్నారు. డెంకణికోట, కెలమంగలం, తళి వైపు బడుల్లోని ఉపాధ్యాయ మిత్రులకు పనికొస్తాయని ఈ వివరాలు రాస్తున్నాను.

కారణం ఏమిటి?
1920 × 1080 తెర మీద 20,73,600 చుక్కలుంటాయి. చుక్కకు 4 బైట్ల లెక్కన, సెకనుకు 60 సార్లు తెర మొత్తం గీయాలంటే దాదాపు 50 కోట్ల బైట్లు. ఈ పని చేయడానికే గ్రాఫిక్స్ చిప్ ఉంది. డ్రైవర్ లేకపోతే ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చేదీ ఆ ప్రాసెసరే. అందుకే టైపింగ్ కూడా వెనకబడుతుంది.

ఎలా కనుక్కోవాలి?
విండోస్‌లో: స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి, డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరవండి. అక్కడ "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంటే డ్రైవర్ లేనట్టే.
లినక్స్‌లో (బాస్, ఉబుంటు వగైరా): సెట్టింగ్స్‌లోని అబౌట్ పేజీలో గ్రాఫిక్స్ వరుస చూడండి. "ఎల్‌ఎల్‌వీఎంపైప్" అని ఉంటే గీత పనంతా ప్రాసెసరే చేస్తోంది.

ఏం చేయాలి?
1. విండోస్ అయితే మెషీన్ మోడల్ నంబరు చూసుకుని, కంపెనీ సొంత సైటు నుంచే డ్రైవర్ దించుకోండి. అంతకు ముందు రిస్టోర్ పాయింట్ పెట్టుకోండి.
2. లినక్స్‌లో ఇంటెల్, ఏఎండీ డ్రైవర్లు సిస్టమ్‌తోనే వస్తాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర నల్లబడితే కొందరు బూట్ వరుసలో "నోమోడ్‌సెట్" అని చేరుస్తారు, తర్వాత తీయడం మరిచిపోతారు. అది ఉంటే తీసి చూడండి.
3. వేరే గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ కేబుల్ ఆ కార్డుకే తగిలించాలి, మదర్‌బోర్డుకు కాదు.
4. కార్డు లేని మెషీన్లలో గ్రాఫిక్స్ చిప్ ర్యామ్‌నే పంచుకుంటుంది. బోర్డు డ్యూయల్ చానెల్‌ది అయితే ఒక 8 జీబీ కడ్డీ కన్నా రెండు 4 జీబీ కడ్డీలు మేలు.
5. విండోస్‌లో సిస్టమ్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, పెర్ఫార్మెన్స్ సెట్టింగ్స్‌కు వెళ్లి నీడలు, యానిమేషన్లు తీసేయండి. "స్మూత్ ఎడ్జెస్ ఆఫ్ స్క్రీన్ ఫాంట్స్" మాత్రం ఉంచండి. అది తీస్తే తెలుగు ఒత్తులు గరుగ్గా కనబడి చిన్న బిడ్డలు చదవలేరు. లినక్స్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి తేలిక డెస్క్‌టాప్ వాడండి.
6. వేగం కోసమని రిజల్యూషన్ తగ్గించొద్దు. మానిటర్ అసలు కొలతలో ఉంటేనే అక్షరం స్పష్టంగా ఉంటుంది.

డబ్బు పెట్టే ముందు
ప్రోగ్రామ్ తెరుచుకోవడానికే ఆలస్యమైతే అది ఎక్కువగా హార్డ్ డిస్క్ సమస్య. ఎస్‌ఎస్‌డీ వేస్తే తేడా తెలుస్తుంది, కార్డు కొంటే తెలియదు. తెరుచుకున్నాక విండో కదలడం కష్టమైతేనే గ్రాఫిక్స్ వైపు చూడాలి. కాసేపు బాగా నడిచి తర్వాత నిదానిస్తే, కరెంటు తీసి ఫ్యాన్‌లో దుమ్ము దులపండి.

చేసిన మార్పులన్నీ మెషీన్ నంబరు వారీగా ల్యాబ్ నోటు పుస్తకంలో రాసిపెట్టండి. మళ్లీ ఎవరైనా ఫార్మాట్ చేస్తే ముందు ఆ పుస్తకం చూపించండి. పక్కన పెట్టేసిన మెషీన్లను కూడా ఒకసారి తెరిచి చూడండి. ఒక్కటి బాగుపడినా ఒక బిడ్డకు సీటు దొరికినట్టే కదా.